సిగ్గు చాటున పెరిగే వ్యాధి

మా వీధి మస్జిదుకు వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. ఫజ్ర్ నమాజులో ఇమాం వెనుక, మొదటి సఫ్‌లో కుడి పక్కన నిలబడటం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఒక ఏడాది రమజాను నెల గడిచాక ఆయన మెల్లగా వెనుక వరుసలకు జరిగారు. కొన్నాళ్లకు తలుపు పక్కన, వుజూఖానాకు దగ్గరగా నిలబడసాగారు. ఆ తర్వాత జుమా రోజున తప్ప కనిపించలేదు. చివరికి జుమాకు రావటం కూడా మానేశారు. వయసు మీదపడిందని కొందరు అనుకున్నారు. ఇంట్లో ఏవో పొరపొచ్చాలు వచ్చి ఉంటాయని మరికొందరు అన్నారు. మేమూ అలాంటిదేదో ఊహించుకుని ఊరుకున్నాం. ఇంటికి వెళ్లి పలకరించవలసిన బాధ్యత మా మీద ఉందని తోచకపోవటం మా లోపమే.

అసలు సంగతి ఎనిమిది నెలల తర్వాత బయటపడింది. ఆయనకు మలంతో పాటు రక్తం పడుతున్నది. రోజుకు ఆరేడుసార్లు వెళ్లవలసి వస్తున్నది. వెళ్లి వచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్టే అనిపిస్తున్నది. నమాజు మధ్యలో వుజూ పోతుందేమోనని ఒక భయం, దుస్తులకు మరక అంటుతుందేమోనని మరో భయం. ఈ మాట భార్యకు చెప్పలేదు, కొడుకులకు చెప్పలేదు. 'బవాసీర్' అని తనకు తానే నిర్ధారించుకుని, పరీక్ష చేయకుండానే పొట్లాలు కట్టి ఇచ్చే ఒకరి దగ్గర మందు తెచ్చుకుని వాడుతూ వచ్చారు. ఒకరోజు బజారులో కళ్లు తిరిగి పడిపోతే, రక్తం బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది. ఆసుపత్రిలో సర్జన్ వేలితో పరీక్షించిన అర నిమిషంలోనే గడ్డ తగిలింది. కొలనోస్కోపీ, ముక్క పరీక్ష, స్కానింగులు పూర్తయ్యాక అది మలాశయ క్యాన్సర్ అని ఖాయమైంది. అర నిమిషంలో తెలిసే సంగతిని ఎనిమిది నెలలు దాచింది సిగ్గు.

ఆయన అనుమతితోనే ఈ విషయం ఇక్కడ రాస్తున్నాం. "పేరు మాత్రం వద్దు. కానీ రాయండి, నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు" అన్నారు.

క్యాన్సర్ అన్న మాట వినగానే ఆ ఇంట్లో అందరికీ మెదిలింది ఒకటే దృశ్యం: పొట్టను నిలువునా కోయటం, నెలల తరబడి మంచం. ఇరవై, ముప్పై ఏళ్ల క్రితం మన పెద్దల్లో కొందరికి అలాగే జరిగింది కూడా. అయితే ఆపరేషన్ చిన్న రంధ్రాల ద్వారా చేయవచ్చని సర్జన్ చెప్పినప్పుడు వాళ్లు ముందు నమ్మలేదు. నమ్మకపోవటంలో వింత లేదు. కాబట్టి ఆ విధానం ఏమిటో పాఠకులకు వివరించటం మంచిదనుకుంటున్నాం.

పేగును కోసి కుట్టటం నిన్న మొన్నటి విద్య కాదు. పదో శతాబ్దంలో స్పెయిన్‌లోని ఖుర్తుబాలో జీవించిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ, 'అత్తస్రీఫ్' అనే తన ముప్పై భాగాల వైద్య గ్రంథంలో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించారు. అందులో సుమారు రెండు వందల పరికరాల బొమ్మలు గీశారు. గాయపడిన పేగును పెద్ద చీమల దవడలతో పట్టి మూసే పద్ధతినీ, జంతువుల పేగు నుంచి తీసిన దారంతో కుట్టే పద్ధతినీ ప్రస్తావించారు. పన్నెండో శతాబ్దంలో ఆ భాగం లాటిన్‌లోకి వెళ్లి, ఐరోపా వైద్యులకు శతాబ్దాల పాటు పాఠ్యంగా ఉపయోగపడింది. నేటి సర్జన్ చేతిలోని స్టేప్లర్ పేగు రెండు కొసలను లోహపు ముక్కలతో కలిపి పట్టించేటప్పుడు, ఆ చీమల దవడలు గుర్తుకు రాక మానవు.

పేగు వరకూ చేరే దారిలో మాత్రం పెద్ద మార్పు వచ్చింది. పూర్వం లోపల ఉన్నది కంటికి కనబడాలంటే పొట్ట గోడను వెడల్పుగా తెరవక తప్పేది కాదు. రోగిని ఎక్కువగా బాధించేది చాలాసార్లు లోపలి పని కన్నా ఆ తెరిచిన దారే. కండరాలు తెగేవి, నొప్పికి ఊపిరి నిండా పీల్చుకోలేకపోయేవారు, దగ్గలేకపోయేవారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది, కుట్లు చీము పట్టేవి, కొన్నాళ్లకు అక్కడే హెర్నియా వచ్చేది. లాపరోస్కోపీలో సర్జన్ బొడ్డు దగ్గర సెంటీమీటరు వెడల్పు రంధ్రం చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను గుడారంలా పైకి లేపుతారు. ఆ వాయువునే ఎందుకు వాడతారంటే, అది అంటుకోదు. రక్తంలో తేలికగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు భుజం నొప్పి పెడితే కంగారుపడనవసరం లేదు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొరను ఆ వాయువు ఒరుసుకోవటం వల్ల వచ్చే నొప్పి అది. ఒక రంధ్రం గుండా కెమెరా, మరి మూడు నాలుగు రంధ్రాల గుండా సన్నని పొడవాటి పరికరాలు లోపలికి వెళతాయి. లోపలి దృశ్యం తెర మీద పెద్దదిగా కనిపిస్తుంది. క్యాన్సర్ ఉన్న పేగు భాగాన్నీ, దానికి రక్తం తెచ్చే నాళాలనూ, వాటి వెంట ఉండే లింఫ్ గ్రంథులనూ కలిపి వేరుచేసి, చివరికి నాలుగైదు సెంటీమీటర్ల కోత గుండా బయటికి తీస్తారు. అందుచేత అసలు కోతే ఉండదని ఎవరైనా అంటే నమ్మవద్దు. కోత ఉంటుంది, చిన్నదిగా ఉంటుంది.

ఈ విధానంతో పిత్తాశయాన్ని మొదటిసారి తొలగించింది జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహె, 1985లో. తోటి సర్జన్లు మొదట ఆయనను మెచ్చుకోలేదు సరికదా, తప్పుపట్టారు. మన దేశంలో ఆ ఆపరేషన్‌ను 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా ప్రారంభించారు. క్యాన్సర్ విషయంలో మాత్రం వైద్యలోకం చాలాకాలం వెనుకాడింది. 1990ల తొలినాళ్లలో కొందరు రోగులకు రంధ్రాలు చేసిన చోటే క్యాన్సర్ తిరిగి మొలిచిందన్న వార్తలు రావటంతో, ఇది సరైన దారేనా అని గట్టి సందేహం పుట్టింది. ఆ సందేహాన్ని తీర్చుకోవటానికి పెద్ద పరిశోధనలు జరిగాయి. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 872 మందిపై అమెరికా, కెనడాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మూడేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టినవారు పొట్ట తెరిచిన వర్గంలో నూటికి 18 మంది, లాపరోస్కోపీ వర్గంలో నూటికి 16 మంది. అంటే తేడా లేనట్టే. మలాశయ క్యాన్సర్‌పై ఎనిమిది దేశాల్లో వెయ్యిమందికి పైగా రోగులతో జరిగిన మరో పరిశోధన 2015లో వెలువడింది. మూడేళ్లకు అదే చోట వ్యాధి తిరిగి వచ్చినవారు రెండు వర్గాల్లోనూ నూటికి 5 మందే. అన్నవాహిక క్యాన్సర్‌లో మేలు ఇంకా స్పష్టంగా కనిపించింది. 2012లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఛాతీ తెరిచిన వర్గంలో నూటికి 29 మందికి వస్తే, రంధ్రాల ద్వారా చేసిన వర్గంలో 9 మందికే వచ్చింది. అన్నవాహిక ఆపరేషన్‌ను రోగిని బోర్లా పడుకోబెట్టి ఛాతీలోని చిన్న రంధ్రాల ద్వారా చేసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినవారిలో కోయంబత్తూరుకు చెందిన డాక్టర్ పళనివేలు ముందువరుసలో ఉన్నారు.

ఈ అంకెల్లో ఒక పాఠం ఉంది. చిన్న కోత క్యాన్సర్‌ను ఎక్కువగా నయం చేయదు. రోగి భరించవలసిన భారాన్ని తగ్గిస్తుంది, అంతే. నొప్పి తక్కువ, కుట్లు చీము పట్టటం తక్కువ, లేచి నడవటం త్వరగా. త్వరగా కోలుకున్నవాడు తర్వాతి కీమోకు వేళకు సిద్ధమవుతాడు. ప్రాణం నిలబడటమన్నది మాత్రం, అల్లాహ్ తలచినట్లు, వ్యాధి ఏ దశలో పట్టుబడింది, సర్జన్ ఎంత నేర్పరి అన్న వాటి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. క్లోమగ్రంథి తలభాగాన్ని తొలగించే అతి కష్టమైన ఆపరేషన్‌పై నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనను మధ్యలోనే ఆపవలసి వచ్చింది; లాపరోస్కోపీ వర్గంలో మరణాలు ఎక్కువ కావటమే కారణం. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రోబో సాయంతో చేస్తే తప్పక మేలని ప్రకటనలు చెబుతాయి. మలాశయ క్యాన్సర్‌లో రోబోనూ, మామూలు లాపరోస్కోపీనీ పోల్చి 471 మందిపై జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. ఆపరేషన్ మధ్యలో పొట్ట తెరవవలసి రావటంలో ఆ రెండింటి మధ్య గట్టిగా చెప్పదగిన తేడా అందులో కనిపించలేదు. రోబో తనంతట తాను కోయదు. సర్జన్ చేతి కదలికనే అది లోపలికి చేరవేస్తుంది. రోబో కోసం పొలం అమ్మవలసిన పని లేదు. ఒక్కోసారి చిన్న రంధ్రాలతో మొదలుపెట్టి, రక్తస్రావం వల్లనో, అతుకుల వల్లనో పొట్ట తెరవవలసి వస్తుంది. అది సర్జన్ ఓటమి కాదు, వివేకం.

ఈ విధానం క్యాన్సర్‌కే పరిమితం కాదు. పేగుల్లో పుండ్లు పడే దీర్ఘవ్యాధులు రెండున్నాయి: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. ఇవి యువతీయువకులకూ వస్తాయి. నెలల తరబడి జిగట విరేచనాలు, రక్తం, కడుపునొప్పి, బరువు తగ్గటం వీటి లక్షణాలు. మన దేశంలో పేగుల క్షయ కూడా అచ్చం క్రోన్స్ లాగే కనిపిస్తుంది కాబట్టి, ముక్క పరీక్ష చేయించకుండా మందులు మొదలుపెట్టటం ప్రమాదం. మొదటి చికిత్స మందులతోనే. మందులకు లొంగనప్పుడు, పేగు ఇరుకైనప్పుడు, చిల్లు పడినప్పుడు ఆపరేషన్ అవసరమవుతుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగును పూర్తిగా తొలగిస్తే ఆ పేగు వ్యాధి పోతుంది. చిన్నపేగు కొసతోనే లోపల ఒక సంచిని తయారుచేసి మామూలు దారిని నిలబెట్టే వీలు చాలామందికి ఉంటుంది. క్రోన్స్ అలా కాదు. పాడైన ముక్కను తీసినా మరోచోట తలెత్తవచ్చు. అందుకే పేగును వీలైనంత మిగిల్చి కోస్తారు, మందులు కొనసాగిస్తారు. మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక, మొదటిసారి చిన్న రంధ్రాలతో చేయించుకోవటం ఈ రోగులకు ఎంతో మేలు. పెళ్లికావలసిన పిల్ల అని ఈ వ్యాధిని దాచిపెట్టే తల్లిదండ్రులు ఒక్క మాట ఆలోచించాలి. దాచటం వల్ల సంబంధం నిలవవచ్చు. ఆ పిల్ల పేగు నిలుస్తుందా?

మళ్లీ మా పెద్దాయన దగ్గరికి వద్దాం. ముందు రేడియేషన్, కీమో. కొన్ని వారాల విరామం తర్వాత చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్ అని సర్జన్ ప్రణాళిక చెప్పారు. మలాశయంలో కింది భాగాన అతికించిన చోటు మానేవరకు, రెండు మూడు నెలలపాటు చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, అక్కడ ఒక సంచి పెట్టవలసి ఉంటుందని కూడా చెప్పారు. ఆయన చెవికెక్కింది ఆ ఒక్క మాటే. "ఒంటి మీద మలం మోసుకుంటూ నేను అల్లాహ్ ముందు ఎలా నిలబడేది? నాకు ఆపరేషన్ వద్దు, ఇలాగే పోనివ్వండి" అన్నారు. కొడుకులు ఏడ్చారు. భార్య బతిమాలారు. ఆయన కదల్లేదు.

అప్పుడు ఇమాం గారు ఆయన ఇంటికి వెళ్లారు. మేమూ వెంట వెళ్లాం. ఇమాం గారు ప్రసంగమేమీ చేయలేదు. "చాచా, నిలబడి నమాజు చేయలేనివాడు కూర్చుని చేయాలనీ, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని చేయాలనీ మీకు తెలుసు కదా" అన్నారు. తెలుసని పెద్దాయన తల ఊపారు. "ఆ వెసులుబాటు మనకు ఎవరి ప్రశ్న వల్ల దక్కిందో తెలుసా?" అని అడిగారు. పెద్దాయనకు తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ గుర్తు లేదు.

సహీహ్ బుఖారీలో ఉన్న సంగతి అది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బవాసీర్ ఉండేది. ఆ స్థితిలో నమాజు ఎలా చేయాలని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. దానికి సమాధానంగా వచ్చిందే ఆ ఆదేశం. ఈనాడు మోకాళ్ల నొప్పితో కుర్చీలో నమాజు చేసే ప్రతి పెద్దమ్మా, ఆసుపత్రి మంచం మీద కనుసైగతో నమాజు చేసే ప్రతి రోగీ ఆ ప్రశ్న చలవ పొందుతున్నారు. తన మలద్వార వ్యాధిని ఆ మహనీయుడు సిగ్గుపడి దాచుకుని ఉంటే, మనం ఆ జవాబును ఇంత సూటిగా విని ఉండేవాళ్లం కాదు. హయా ఈమాన్‌లో భాగమే. కానీ అది పాపం చేయటానికి సిగ్గుపడే గుణం. రోగం చెప్పుకోవటానికి సిగ్గుపడేది కాదు.

సంచి గురించి కూడా ఇమాం గారు విడమరచి చెప్పారు. ఆపుకోవటం తన చేతిలో లేని స్థితి నమాజు వేళ పొడవునా ఉన్నవారిని ఫిఖహ్‌లో మాజూర్ అంటారు. నెలసరి కాని రక్తస్రావం ఆగని ఒక స్త్రీకి దైవప్రవక్త (స) ఇచ్చిన మార్గదర్శనమే దీనికి మూలం. హనఫీ పండితుల వివరణ ప్రకారం అలాంటి వ్యక్తి ప్రతి నమాజు వేళ ప్రవేశించాక కొత్తగా వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేవరకు ఆ కారణం వల్ల వుజూ పోదు; వుజూను భంగపరిచే మరో కారణం ఏర్పడితేనే పోతుంది. వీలైతే నమాజుకు ముందు సంచిని ఖాళీ చేసి శుభ్రపరచుకోవాలి. శక్తికి మించినదాన్ని అల్లాహ్ అడగడు. వాసన రాకుండా, కారకుండా సంచి సరిగ్గా అమరి ఉంటే మస్జిదుకు రావటానికి సంకోచించనక్కరలేదని కూడా ఆయన అన్నారు. ఎవరి పరిస్థితి వారిది కాబట్టి, ఈ వివరాలను పాఠకులు తమకు నమ్మకమైన ఆలిం దగ్గర అడిగి తెలుసుకోవాలి. కానీ అడగాలి. నమాజు చెల్లదేమోనన్న అపోహతో చికిత్స వదులుకోవటం ధర్మం కాదు. చికిత్స చేయించుకోమనీ, రోగాన్ని పంపిన అల్లాహ్ మందును కూడా పంపాడనీ దైవప్రవక్త (స) బోధించారు.

ఇక మన ఇళ్లలో చేయవలసినవి కొన్ని చెబుతాం.

మలంలో రక్తం కనిపిస్తే, అది మొలల వల్లేనని వైద్యుడు పరీక్షించి చెప్పేవరకు నమ్మవద్దు. మూడు నాలుగు వారాలకు మించి విరేచనపు అలవాటు మారటం, వెళ్లినా తీరని భావన, కారణం లేకుండా బరువు తగ్గటం, మగవారిలోనూ నెలసరి ఆగిన స్త్రీలలోనూ రక్తహీనత, ముద్ద గొంతు దాటాక ఛాతీలో అడ్డుపడటం, నల్లటి తారులాంటి మలం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరవచ్చు. దొరకని చోట చికిత్స అవసరం మేరకు పురుష వైద్యుడు పరీక్షించటానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. పరదా పేరుతో మన ఇళ్లలో స్త్రీల రోగాలు ఆలస్యంగా బయటపడటం అందరూ ఎరిగిందే. దానికి జవాబు చెప్పుకోవలసింది ఇంటి మగవారే.

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు ఒక చిన్న పిలకగా మొదలై, ముదరటానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆ పిలక దశలో దొరికితే పొట్ట మీద ఒక్క రంధ్రం కూడా లేకుండా, కొలనోస్కోపీలోనే తీసివేస్తారు. అన్నిటికన్నా చిన్న ఆపరేషన్ అదే. తల్లిదండ్రులకు గానీ, తోబుట్టువులకు గానీ ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, లక్షణాలు లేకపోయినా పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో వైద్యుణ్ణి అడగండి.

ఆపరేషన్ ఖాయమైతే సర్జన్‌ను నాలుగు ప్రశ్నలు అడగటానికి మొహమాటపడవద్దు. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? నా విషయంలో చిన్న రంధ్రాల విధానం ఎందుకు తగును, లేదా ఎందుకు తగదు? సంచి అవసరమా, తాత్కాలికమా శాశ్వతమా? తీసిన భాగంలో ఎన్ని లింఫ్ గ్రంథులు పరీక్షించారో నివేదికలో రాస్తారా? పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 గ్రంథులు పరీక్షించాలన్నది వైద్యులు పాటించే కొలత. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ క్యాన్సర్ చికిత్సలకు అండగా ఉన్నాయి. మీకు అవసరమైన ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో ఆ పథకం కిందికి వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

పెద్దాయన ఒప్పుకున్నారు. ఆపరేషన్ జరిగిన మరునాడే ఆయనను లేపి నడిపించారు. పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలు, కింద ఒక చిన్న కోత, పక్కన సంచి. మూడో వారంలో ఆయన మస్జిదుకు వచ్చారు. అలవాటు కొద్దీ తలుపు దగ్గరే ఆగిపోతే, ఇమాం గారు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకువెళ్లారు. సంచి మూడు నెలలకు పోయింది. గడ్డ కొంచెం ముదిరిన దశలో దొరికింది కాబట్టి ఆయన ఇంకా పరీక్షలకు వెళుతూనే ఉన్నారు. ఆ ఎనిమిది నెలలు ముందుగా వచ్చి ఉంటే దారి ఇంకా సులువుగా ఉండేదని సర్జన్ అన్న మాట ఆయన మరిచిపోలేదు. మమ్మల్నీ మరవనివ్వటం లేదు.

ఈ నెల ఈ పేజీ చదవటం పూర్తిచేశాక ఒక పని చేయండి. మీ మస్జిదులో మొదటి సఫ్ నుంచి వెనక్కి జరిగిన వారెవరైనా ఉన్నారేమో చూడండి. మీ ఇంట్లో బాత్రూములో ఎక్కువసేపు ఉండిపోతున్న అమ్మ గానీ, అత్తగారు గానీ ఉన్నారేమో చూడండి. దగ్గర కూర్చుని మెల్లగా అడగండి.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! చెప్పుకోవటానికి ధైర్యాన్నీ, అడిగి తెలుసుకునే మనసునూ మనందరికీ ఇచ్చుగాక! ఆమీన్.